గాబా ఆపుతుంది, గ్లూటమేట్ ఉసిగొల్పుతుంది: ఎలా?

ఇంటర్ బైపీసీ చదివే మా మేనకోడలు గుంటూరు బస్టాండు దగ్గర టీ తాగుతూ ఇదే అడిగింది: "గాబా, గ్లూటమేట్ రెండూ నాడీకణాల మధ్య కబురు మోసే రసాయనాలే కదా మావయ్యా, ఒకటి నాడీకణాన్ని ఉసిగొల్పి, ఇంకోటి ఆపడమేంటి?"

అసలు కిటుకు రసాయనంలో కన్నా అది తగిలే రిసెప్టర్‌లో, అంటే కణం మీద దాన్ని పట్టుకునే ప్రొటీన్‌లో ఉంది. ఊరికే ఉన్న నాడీకణం లోపల వోల్టేజి సుమారు -70 మిల్లీవోల్టులు. గ్లూటమేట్ తగిలితే సోడియం దారి తెరుచుకుని, ప్రకాశం బ్యారేజీ గేటెత్తినట్టు పాజిటివ్ చార్జి లోపలికి దూకుతుంది. అది దాదాపు -55కి చేరిందా, కణం సిగ్నల్ పంపేస్తుంది. గాబా మామూలుగా తెరిచేది క్లోరైడ్ దారి. నెగెటివ్ చార్జి చేరితే కణం ఆ గీత దాకా వెళ్లడమే కష్టం. ఒక్కో కణం మీద ఇలాంటి తాకిళ్లు వేలల్లో ఉంటాయి. కూడికలు, తీసివేతలు పోగా మిగిలిందే లెక్క. ఆందోళన తగ్గించే డయాజెపామ్ లాంటి మాత్రలు చేసేది గాబాకు ఊతమివ్వడమే.

తమాషా అంతా ఎసిటైల్‌కోలిన్ అనే మరో నాడీ రసాయనానిది. చేతి కండరాన్ని కదిలించేది అదే, గుండె వేగాన్ని తగ్గించేదీ అదే. రిసెప్టర్లు వేరు మరి. 1921లో ఒట్టో లోవీ అనే శాస్త్రవేత్త కప్ప గుండెలతో చేసిన ప్రయోగంలో బయటపడిన రసాయనం కూడా ఇదే.

ఇక మేనకోడలి చేతిలో టీ సంగతి: మెదడును జోకొట్టే ఎడినోసిన్ కూర్చోవాల్సిన కుర్చీలో కెఫీన్ ముందే కర్చీఫ్ వేసేస్తుంది.