భర్త సంతకం కావాలంటున్నారు, పెళ్లి కాలేదు. ఏం చేయాలి?

ప్రశ్న: మాది హిందూపురం. నాకు 26 ఏళ్లు, బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉంటూ ఉద్యోగం చేసుకుంటున్నాను. పెళ్లి కాలేదు. జాగ్రత్తపడినా గర్భం వచ్చింది, స్కానింగ్‌లో తొమ్మిదో వారం అన్నారు. క్లినిక్‌కి వెళ్తే భర్తనో, అమ్మానాన్ననో తీసుకురమ్మన్నారు. పెళ్లికానివాళ్లు అబార్షన్ చేయించుకుంటే నేరమా మేడం? ఇంట్లో తెలిస్తే చంపేస్తారు.

జవాబు: నేరం కాదమ్మా, ముందు ఆ టెన్షన్ వదిలేయండి. మీకు 18 దాటాయి కాబట్టి మీ సంతకం ఒక్కటే చాలు. భర్తదీ అక్కర్లేదు, నాన్నగారిదీ అక్కర్లేదు, ఆ అబ్బాయిది అసలే అక్కర్లేదు. ఇదేదో నిన్నమొన్న వచ్చిన వెసులుబాటు కూడా కాదు, 1971 నాటి ఎంటీపీ చట్టం, అంటే అబార్షన్ల గురించిన చట్టం, 1972 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చినప్పటి నుంచీ అంతే. గార్డియన్ సమ్మతి అడగాల్సింది మైనర్లకూ, మానసిక అనారోగ్యం ఉన్నవాళ్లకూ మాత్రమే.

మరి ఈ భర్త గొడవ ఎక్కణ్నుంచి వచ్చిందంటారా? మూడో సెక్షన్ కింద ఒక వివరణ ఉండేది. గర్భనిరోధక సాధనం పనిచేయక గర్భం వస్తే ఆమె మానసిక ఆరోగ్యానికి తీవ్ర హాని అనుకోవచ్చని చెబుతూనే, దాన్ని వివాహితకూ ఆమె భర్తకూ పరిమితం చేశారు. పెళ్లికానివాళ్లకు చేయకూడదని ఎక్కడా రాయలేదు, మానసికంగా దెబ్బతింటుందని డాక్టర్ నమ్మితే అప్పుడూ చేయొచ్చు. కానీ ఆ ఒక్క మాట పట్టుకుని చాలా చోట్ల పెళ్లయిందా అన్నదే మొదటి ప్రశ్న అయి కూర్చుంది. దాంతో మెడలో పసుపుతాడు వేసుకుని, ఎవరినో భర్తగా చూపించి పని కానిచ్చుకున్నవాళ్లున్నారు, అదీ చేతకాక నాటు మందుల పాలబడ్డవాళ్లూ ఉన్నారు.

2021 సవరణతో ఆ వివరణలో 'వివాహిత' పోయి 'ఏ మహిళ అయినా' వచ్చింది, 'భర్త' పోయి 'భాగస్వామి' వచ్చింది. 20 వారాల్లోపు ఒక్క డాక్టర్ అభిప్రాయం చాలు, మీది తొమ్మిదే. 20 నుంచి 24 వారాల మధ్య కొన్ని వర్గాలకే అనుమతి, అందులో అవివాహితలు రారని ఢిల్లీ హైకోర్టు 25 ఏళ్ల అమ్మాయికి కాదంటే, 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు ఆ తేడా చెల్లదని తేల్చేసింది. ఆ తీర్పులోనే కుటుంబ సభ్యుల సమ్మతి లాంటి చట్టంలో లేని షరతులు డాక్టర్లు పెట్టకూడదనీ చెప్పింది.

క్లినిక్‌లో మీ చేత సంతకం పెట్టించుకోవాల్సిన కాగితం పేరు ఫారం సి. అందులో 'కూతురు/భార్య' అని రెండూ అచ్చువేసే ఉంటాయి, పెళ్లికానివాళ్లు వస్తారని ఫారం రాసినవాళ్లకు తెలుసు, కౌంటర్‌లో కూర్చున్నవాళ్లకే తెలియదు! నాన్నగారి పేరు అక్కడ రాసినంత మాత్రాన ఆయనకు కబురు వెళ్లదు. మీ వివరాలు చట్టప్రకారం అధికారం ఉన్నవాళ్లకు తప్ప ఇంకెవరికి చెప్పినా ఏడాది వరకు జైలో, జరిమానాయో, రెండూనో పడతాయి, అది 5ఎ సెక్షన్. వయసు కోసం గుర్తింపు కార్డు అడిగితే మాత్రం చూపించండి, దానికి పేచీ వద్దు. ఆఫీసు ఇన్సూరెన్స్ జోలికి పోకపోవడమే మంచిది, క్లెయిమ్ పెడితే కాగితాలు నాలుగు చేతులు మారతాయి.

ఆ క్లినిక్‌తో వాదిస్తూ వారాలు పోగొట్టుకోకండి. అనుమతి ఉన్న ఇంకో ఆసుపత్రికి వెళ్లండి, లేదా వాణీ విలాస్ లాంటి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. అక్కడా భర్త కావాలంటే, ఏ రూల్ ప్రకారమో కాగితం మీద రాసివ్వమనండి, చాలామంది అక్కడే మెత్తబడతారు. మెడికల్ షాపులో మాత్రలు కొని పీజీ గదిలో ఒంటరిగా మాత్రం వేసుకోవద్దు, రక్తస్రావం ఎక్కువైతే చూసేవాళ్లుండరు. ఫ్రెండ్‌ని భర్తగా రాయించే ఆలోచన కూడా మానుకోండి. అవసరమే లేని అబద్ధాన్ని మీ సంతకంతో రికార్డులో పెట్టుకోవడం దేనికి?