చిన్నోడి ఇంజినీరింగ్‌కు ఎంత అప్పు చేయొచ్చు

తమ్ముడూ,

చిన్నోణ్ణి చెన్నైలో డీమ్డ్ యూనివర్సిటీలో చేర్పిస్తానని, ఫీజు, హాస్టల్ కలిపి ఏడాదికి నాలుగు లక్షలవుతుందని, లోన్ పెడితే ఉద్యోగం వచ్చాక వాడే కట్టుకుంటాడని ఫోన్‌లో అన్నావు. ఆ చివరి మాటే నాకు టెన్షన్ పెట్టింది. బ్యాంకులో లోన్ల సీట్లో పనిచేసి రిటైరైనదాన్ని కదా, ముందు లెక్క చెప్తా విను.

నాలుగేళ్లకు 16 లక్షలు. వడ్డీ 10 శాతం అనుకుందాం. చదువుతున్నన్నాళ్లూ, ఆ తర్వాత ఇంకో ఏడాదీ బ్యాంకు ఈఎంఐ అడగదు. అడగదంతే, వడ్డీ మాత్రం డబ్బు తీసుకున్న రోజు నుంచే నడుస్తుంది. కంతులు మొదలయ్యేసరికి 5 లక్షల 60 వేల వడ్డీ చేరి, అప్పు 21 లక్షల 60 వేలవుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 28,500 పైన. పదిహేనేళ్లకు పెట్టుకున్నా 23,200.

ఇక జీతం. పెద్ద ఐటీ కంపెనీల్లో కొత్తగా చేరేవాళ్లలో చాలామందికి ప్యాకేజీ మూడున్నర లక్షల దగ్గరే ఉంటుంది. దాన్ని పన్నెండుతో భాగించి నెలకు 29 వేలొస్తాయనుకోకు. ఆఫర్ లెటర్ వెనక పేజీలో ఉండే పట్టిక చూడాలి. కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, ఇన్సూరెన్స్, వస్తుందో రాదో తెలియని వేరియబుల్ పే, అన్నీ అందులోనే కలిపేస్తారు. వాడి వాటా పీఎఫ్ కూడా పోగా చేతికొచ్చేది 24, 25 వేలు. అందులో 23 వేలు బ్యాంకుకే పోతే బెంగళూరులో వాడు ఎక్కడుంటాడు, ఏం తింటాడు?

అప్పుడు ఆ కంతు నీ మీదే పడుతుంది. లోన్ కాగితాల మీద నీ సంతకమూ ఉంటుంది. కట్టకపోతే, ఎవరు అప్పు ఎలా తీర్చారో రాసిపెట్టే సిబిల్‌లో వాడి పేరుతో పాటు నీ పేరూ చెడుతుంది. రేపు పొగాకుకు క్రాప్ లోన్ కోసం వెళ్తే, మేనేజర్ ముందు చూసేది అదే. పైగా ఏడున్నర లక్షలు దాటితే మామూలుగా ఇల్లో స్థలమో తనఖా అడుగుతారు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి అనే చదువు లోన్ల పథకం జాబితాలో కాలేజీ ఉంటే తనఖా, హామీ అక్కర్లేదు. మంచిదే. కానీ తనఖా లేనంత మాత్రాన కట్టాల్సింది తగ్గదు కదా.

నన్నడిగితే ఈఎంఐ చేతికొచ్చే జీతంలో మూడో వంతు దాటకూడదు. 25 వేలకు 8 వేలు. పదేళ్ల గడువుకు వెనక్కి లెక్కేస్తే నాలుగేళ్లకూ కలిపి నాలుగున్నర లక్షలకు మించి అప్పు చేయకూడదు. నాలుగు లక్షల లోపే అయితే తనఖా గానీ, మూడో మనిషి హామీ గానీ అడగరు. అందుకే ఒంగోల్లోనో నెల్లూర్లోనో కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకును బట్టి కౌన్సెలింగ్‌లో, మంచి కాలేజీలో సీటొస్తే కళ్లు మూసుకుని చేర్పించు. మన ఆదాయానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తే మరీ తేలిక. మేనేజ్‌మెంట్ సీటుకూ, చెన్నైకీ అది రాదు.

కాలేజీ గేటు దగ్గర ఫ్లెక్సీలో ఉండే ప్యాకేజీ ఒక్క పిల్లాడిది. వాడు చేరాలనుకునే బ్రాంచిలోనే కిందటేడు పాసైన నలుగురైదుగురిని పట్టుకుని, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయో, నెలకు చేతికెంత వస్తుందో అడగండి. నువ్వడిగితే మొహమాటపడతారు, చిన్నోడినే అడగమను. ఎన్‌ఐటీ లాంటి చోట సీటొచ్చి, అక్కడ సగటు పిల్లలకు కూడా పెద్ద జీతాలొస్తున్నాయని తేలితే, అప్పు కాస్త ఎక్కువైనా పర్లేదు, నేనే దగ్గరుండి పెట్టిస్తా.

తక్కువ పడిందని ఊళ్లో రెండు రూపాయల వడ్డీకి మాత్రం తేవద్దు. బ్యాంకు 10 శాతం అంటే మన లెక్కలో నెలకు నూటికి 83 పైసల వడ్డీ. రెండు రూపాయలకు తెచ్చిన లక్షకు నాలుగేళ్లలో వడ్డీయే 96 వేలవుతుంది, అసలు అసలులాగే ఉంటుంది. వేలం కేంద్రంలో పొగాకు డబ్బులు పడగానే లోన్ మీద ఆ ఏడాది వడ్డీ కట్టేయి. చదువు నడుస్తుండగానే వడ్డీ కట్టుకుంటూ వస్తే ఒక శాతం తగ్గించే బ్యాంకులూ ఉన్నాయి, సంతకం పెట్టేముందే అడుగు. ఏటా మార్కుల లిస్టు చూసే తర్వాతి ఏడాది డబ్బు విడుదల చేస్తారు, సబ్జెక్టులు మిగలకుండా చూసుకోవాలని వాడికి చెప్పు.

ఫ్రెండ్స్ అంతా చెన్నై వెళ్తున్నారని వాడు చిన్నబుచ్చుకుంటాడు, నాకు తెలుసు. వాణ్ణి తిట్టకు. ఈ లెక్క వాడి చేతే వేయించు.

కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టకముందే ఓ ఆదివారం ఇద్దరూ ఒంగోలు రండి. ర్యాంకు కార్డు, కాలేజీ ఇచ్చిన ఫీజు కాగితం, ఆదాయ సర్టిఫికెట్, నీ పాత లోన్ల పాస్‌బుక్కులు తెచ్చుకో. ఆ చెన్నై వాళ్లకు అడ్వాన్స్ అంటూ అప్పటిదాకా రూపాయి కూడా కట్టకు.

మీ అక్క