వాట్లు చూసి అడ్వాన్సు ఇవ్వొద్దు

ప్రొద్దుటూరు

చిరంజీవికి ఆశీస్సులు.

తిర్నాలలో పద్యనాటకాలకు పెట్టడానికి నువ్వు కొనాలనుకుంటున్న స్పీకరు బాక్సుల కాగితం చూసినాను. పెద్ద అక్షరాలతో 1000 వాట్లని వేసినారే, అది పీక్, క్షణకాలం మాత్రమే తట్టుకునేది. మామూలుగా అందులో నాలుగో వంతు, అంటే 250 వాట్లు, ఆ బాక్సు గంటల తరబడి మోయగలిగే బరువు. నువ్వు చూడాల్సిన అంకె అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంది: సెన్సిటివిటీ 97 డెసిబెల్స్. ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో అంత మోత వస్తుందని.

లెక్క వేళ్ల మీద వేయొచ్చు. వాట్లు పది రెట్లయితే 10 డెసిబెల్స్ పెరుగుతాయి, రెండు రెట్లయితే 3. 1000 వాట్లకు 30 కలిపితే మీటరు దగ్గర 127. అది క్షణకాలపు పీక్. గొంతు సగటు మోత అంతకన్నా 12 తక్కువ, 115 అనుకో. బయల్లో దూరం రెట్టింపైన ప్రతిసారీ 6 పోతుంది. 32 మీటర్లకు ఐదు రెట్టింపులు, 30 పోయె. ఆఖరి వరుసలో చాప పరుచుకున్న అవ్వకు మిగిలింది 85. తిర్నాలలో జనం గోల, అంగళ్లు, జనరేటరు కలిసి 75 దాకా ఉంటుంది. మాట తెలియాలంటే గోలకన్నా 10 పైన ఉండాలి. అంటే నీ బాక్సు బొటాబొటి.

ఆ బొటాబొటి కూడా మొదటి అరగంటే. స్పీకరు లోపలి రాగి చుట్ట, అదే కాయిల్, వేడి 200 డిగ్రీలు పెరిగితే రాగి నిరోధం ముప్పావు వంతు పైనే పెరుగుతుంది. అదే వోల్టేజీకి కరెంటు తగ్గుతుంది, మోత 4, 5 డెసిబెల్స్ దాకా జారుతుంది. కమిటీవాళ్లు "ఇంకొంచెం పెంచప్పా" అంటారు, పెంచుతాం, కాయిల్ ఇంకా కాగుతుంది. ఆంప్లిఫయర్ వాట్లు రెట్టింపు చేసినా వచ్చేది 3 డెసిబెల్సే. 100 సెన్సిటివిటీ ఉన్న బాక్సు కొంటే ఆ 3 ఊరికే వస్తాయి. బేరమంతా అక్కడ ఆడు.

దూరం ఎక్కువైతే ముందున్న బాక్సుల జత మీద పడి అరిపించొద్దు. 30 మీటర్ల దగ్గర చిన్న జత ఇంకోటి నిలబెట్టి, దానికి శబ్దం కాస్త ఆలస్యంగా పోయేట్టు డిలే పెట్టు. మన ఎండాకాలం 40 డిగ్రీల్లో శబ్దం సెకనుకు దాదాపు 355 మీటర్లు పోతుంది; 30 మీటర్లకు 85 మిల్లీసెకన్లు. దానికి 10 కలిపి 95 పెట్టు. అప్పుడు చెవికి గొంతు వేదిక మీద నుంచే వస్తున్నట్టు ఉంటుంది. డిలే పెట్టకపోతే ప్రతి మాటా రెండుసార్లు వినబడి పద్యం పచ్చడవుతుంది. రాత్రి చల్లబడి 25కు దిగినా తేడా రెండు మిల్లీసెకన్లే, మళ్లీ ముట్టుకోనక్కర్లేదు. దూరం మాత్రం అడుగులతో అంచనా వేయకుండా టేపుతో కొలువు.

పద్యనాటకానికి అసలు తలనొప్పి కూత, అంటే బాక్సు శబ్దం మళ్లీ మైకులో పడి పుట్టే కీచు. తెరిచిన మైకులు రెట్టింపైన ప్రతిసారీ కూత పెట్టకుండా పెంచగలిగే మోత 3 డెసిబెల్స్ తగ్గుతుంది. ఒకటి చాలినచోట నాలుగు తెరిస్తే 6 పోయినట్టే. పాత్ర వేదిక మీద లేనప్పుడు ఆ మైకు మూసెయ్. నోటికి 60 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మైకును 30కి జరిపితే 6 తిరిగొస్తుంది, పైసా ఖర్చు లేదు. బాక్సులు మైకులకన్నా కనీసం రెండు మీటర్లు ముందుకు ఉండాలి, తలల మీదుగా ఆఖరి వరుస వైపు చూడాలి. గొంతు మైకులన్నిటికీ 100 హెర్ట్జ్ కింది లోతు శబ్దాలను మిక్సరులో కోసెయ్. గాలి గుభగుభలు, స్టేజీ చెక్కల దడదడ పోతాయి. హార్మోనియం మైకుకు ఆ పని చేస్తే మాత్రం బేస్ రీడ్ల నిండుతనం పోతుంది, వినుకుంటా చెయ్.

బాక్సులో పైస్థాయి శబ్దాలు పలికే చిన్న యూనిట్లు ఎందుకు కాలిపోతున్నాయని అడిగినావు. చిన్న ఆంప్లిఫయర్‌ని ఎర్ర లైటు దాకా తోలడం వల్ల. అలల తలలు తెగితే సగటు పవరు పెరుగుతుంది, లేని పైస్థాయి శబ్దాలు పుట్టుకొస్తాయి, అవి నేరుగా ఆ వెంట్రుకంత కాయిల్ మీద పడతాయి. 250 వాట్ల బాక్సుకు అదే ఓమ్స్ (నిరోధం కొలత) మీద 400 నుంచి 500 వాట్ల ఆంప్లిఫయర్ తీసుకో. మోత హద్దు దాటకుండా ఆపే లిమిటర్ తప్పకుండా పెట్టి, ఆ మీటను ఎవరినీ తాకనివ్వొద్దు.

వైర్ల దగ్గర పిసినారితనం వద్దు. 8 ఓమ్స్ బాక్సులు రెండు ఒకే వైరుకు ప్యారలల్‌గా కలిపితే 4 ఓమ్స్. 30 మీటర్ల 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు పోను రాను కలిపి 0.7 ఓమ్స్ పైనే తింటుంది. ఒకటిన్నర డెసిబెల్ దాకా వైరులోనే ఆవిరి. 2.5 వేస్తే ఆ నష్టం డెసిబెల్ లోపే. మూడో బాక్సు తగిలించొద్దు, 2.7 ఓమ్స్‌కు పడిపోయి ఆంప్లిఫయర్ నడిమధ్యలో మూగబోతుంది. దానికి ఎండ తగలకుండా, ఫ్యాను దారి మూసుకోకుండా చూడు. బాక్సుల్లో గుయ్యిమని హమ్ వస్తోందని ఎర్త్ పిన్ను విరిచేవాళ్లున్నారు. అది మైకు పట్టుకున్నవాని ప్రాణంతో ఆట. మిక్సరుకూ ఆంప్లిఫయర్లకూ ఒకే పాయింటు నుంచి కరెంటు తీసుకుంటే ఆ హమ్ చాలావరకు పోతుంది.

రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ కూడదని 2000 నాటి నిబంధన. కమిటీ తెచ్చుకున్న అనుమతి కాగితం చూడకుండా వైరు పరచొద్దు.

సెన్సిటివిటీ 100 ఉన్నవి దొరికితే తీసుకునేముందు 1.5 వోల్టుల సెల్లు తీసుకుపో. ప్లస్‌ను ప్లస్‌కు తాకిస్తే రెండు బాక్సుల్లోనూ పెద్ద కోన్ బయటికి రావాలి. ఒకటి లోపలికి పోయిందంటే ఎవరో విప్పి తప్పుగా బిగించినారు, బేస్ తేలిపోతుంది. అక్కడే సరిచేయించి తీసుకో.

ఇట్లు,
మీ పెదనాయన