కారణం అతనికి, స్వభావం ఆమెకు

రాజోలు

చిరంజీవి బాబుకు,

ఆశీస్సులు. ‘కార్తీక దీపం’ సీరియల్ మీద నువ్వు రాసిన వ్యాసం అందింది. 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరి దాకా సాగిన ఆ కథను నువ్వు ఓపికగా చూశావనీ, వెక్కిరించడానికి కాక అర్థం చేసుకోవడానికే కలం పట్టావనీ ప్రతి పేరాలోనూ తెలుస్తోంది. సీరియల్ అనగానే పెదవి విరిచే విమర్శకులు ఉన్న చోట నువ్వు ఈ పని తలకెత్తుకున్నందుకు నాకు నిజంగా సంతోషం. అందుకే దీన్ని ఏ పత్రికకైనా పంపేముందు నీతో కొంచెం వివరంగా మాట్లాడాలనిపించింది.

కథానాయకుడు డాక్టర్ కార్తీక్ తన భార్య దీపను అనుమానించిన ఘట్టం గురించి నువ్వు చాలా రాశావు. తనకు పిల్లలు పుట్టే అవకాశమే లేదని స్నేహితురాలు మోనిత అతన్ని నమ్మించిన తీరు, ఆ అబద్ధం అతని మనసులో నాటుకుపోయిన తీరు, ప్రేమించిన మనిషి మోసం చేసిందనుకుని అతను పడ్డ క్షోభ, ఇవన్నీ ఓపికగా వివరించి, చివరకు “పరిస్థితులకు బలైన మనిషి” అని తేల్చావు. దీప దగ్గరికి వచ్చేసరికి నీ ఓపిక అయిపోయింది. ఆమె ఇల్లు విడిచి వెళ్ళడం “పంతం”, వంట చేసి బతకడం “ఆత్మాభిమానం పేరుతో మొండితనం”, మళ్ళీ ఆ గడప తొక్కకపోవడం “అహం”. అతని తప్పుకు కారణం వెతికావు, ఆమె నిర్ణయానికి మాత్రం స్వభావాన్ని అంటగట్టావు. ఇది నీ ఒక్కడి అలవాటు కాదు. అభిమానులు ఈ కథ గురించి మాట్లాడుకునే తీరంతా చాలావరకు ఇలాగే ఉంది. కథలో మగవాడు తప్పు చేస్తే అతనికి ఏం జరిగిందని అడుగుతాం, ఆడది తప్పు చేసినట్టు కనిపిస్తే ఆమె ఎలాంటిదని అడుగుతాం.

పిల్లలు కార్తీక్ బిడ్డలో కాదో తేల్చే డీఎన్ఏ పరీక్ష సంగతే తీసుకో. ఆ సీరియల్ నడిచినన్నాళ్ళూ మన ఊళ్ళో టీ కొట్టు దగ్గర నుంచి పెళ్ళి పందిళ్ళ దాకా ఆ మాట వినపడని చోటు లేదు. పరీక్ష ఎందుకు చేయించలేదన్న ప్రశ్న డాక్టర్ బాబును, అంటే కార్తీక్‌ను, నవ్వుతూ అడిగారు, వంటలక్కను, అంటే దీపను, కోపంగా అడిగారు. వైద్యుడు అతను, అనుమానం అతనిది, పరీక్ష చేయించడానికి డబ్బూ పరిచయాలూ ఉన్నది అతనికి. అయినా తన నిజాయితీని రుజువు చేసుకోవలసిన పూచీ ఆమెదేనని మనం చర్చ లేకుండా ఒప్పుకున్నాం. నువ్వు కూడా “ఆమె నోరు విప్పి చెబితే ఒక్క ఎపిసోడ్‌లో తేలిపోయేది” అని రాశావు. ఆమె చెప్పింది, బాబూ. మొదటి నుంచీ చెబుతూనే ఉంది. వినవలసినవాడు వినలేదు. అది రాయకుండా ఆమె మౌనం గురించి రాయడం విమర్శ అనిపించుకోదు.

పోయిన ఏడు ఆత్రేయపురంలో పూతరేకులు చేసే ఒకావిడ ఇంట్లో కాసేపు కూర్చున్నాను. బోర్లించిన కుండ కింద మంట ఎగదోస్తూ, పల్చటి బియ్యప్పిండి జావలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క విసురున పరిచి తీసి, చిటికెలో పొరలా లేచిన రేకును పక్కన పేరుస్తూ, పని ఆపకుండానే ఆవిడ దీప గురించి మాట్లాడింది. “సరుకులు ఎవరిస్తున్నారండీ ఆవిడికి? అద్దె ఎవరు కడుతున్నారు? చంటిపిల్లని పక్కన పెట్టుకుని పొయ్యి దగ్గర ఎంతసేపు నిలబడగలదు? వెనక్కి వెళ్ళాక ఆయన మళ్ళీ అదే మాటంటే, అప్పుడీ పనీ ఉండదు కదా,” అంది. నీ వ్యాసంలో అహంగా కనిపించిన నిర్ణయం ఆవిడకు లెక్కలాగా కనిపించింది. తన చేతి కష్టం మీద బతికే స్త్రీ ఒక పాత్రను చదివే పద్ధతి ఇది, దీనికి మన విమర్శలో చోటే లేదు. సీరియల్ చూసే ఆడవాళ్ళు ఏడుస్తారని రాస్తాం గానీ, ఆలోచిస్తారని రాయం.

ఇక్కడే నీ రెండో పేజీలోని మాటకు వస్తాను. “మహిళా ప్రేక్షకులు డాక్టర్ బాబు అందానికి దాసోహమయ్యారు, పురుషులు కథనంలోని మలుపుల కోసం చూశారు” అని రాశావు. ఎవరిని అడిగి రాశావు? ఒకే టీవీ ఉన్న ఇళ్ళే ఎక్కువగా ఉన్న మన కోనసీమలో, ఆ సీరియల్ ఏళ్ళ తరబడి తెలుగు రేటింగుల్లో ముందు వరుసలో ఉందంటే, ఇంట్లో సగం మంది ముఖం తిప్పుకుని కూర్చున్నారని నేను నమ్మను. వీధి అరుగు మీద కూర్చుని, కిటికీలోంచి చూస్తూ, చూడడం లేదని చెప్పే పెద్దమనుషులు నాకు తెలుసు. 1980ల మొదట్లో నెదర్లాండ్స్‌లో ఇయెన్ ఆంగ్ అనే పరిశోధకురాలు ‘డల్లాస్’ అనే అమెరికన్ సీరియల్ గురించి పాఠకుల అభిప్రాయాలు కోరుతూ ఒక పత్రికలో ప్రకటన వేస్తే 42 ఉత్తరాలు వచ్చాయి. దాదాపు అన్నీ స్త్రీలవే. ప్రకటన వేసింది స్త్రీల పత్రికలో మరి. ఆ ఉత్తరాలలో ఆవిడ గమనించిన ముఖ్య విషయం ఏమిటంటే, సీరియల్ ఇష్టమని రాసినవాళ్ళలో చాలామంది ఆ ఇష్టానికి ఏదో ఒక సంజాయిషీ ఇచ్చుకున్నారు. తమ ఇష్టాన్ని ఎవరో చిన్నచూపు చూస్తారని వాళ్ళకు ముందే తెలుసు. నీ వాక్యం ఆ చిన్నచూపును మళ్ళీ ఒకసారి చూపిస్తోంది.

“ఆడదానికి ఆడదే శత్రువు” అనే సామెతతో నువ్వు మోనితనూ కార్తీక్ తల్లి సౌందర్యనూ ఒకే గాట కట్టేశావు. మోనిత కుట్ర చేసింది, నిజమే. కానీ భార్యను అనుమానించిన నోరు కార్తీక్‌ది. ఆ సామెత వాడిన క్షణంలో అతను కథలోంచి మెల్లగా తప్పుకుంటాడు, మిగిలిన ఆడవాళ్ళు ఒకరినొకరు పీక్కుంటున్నట్టు కనిపిస్తారు. ఇద్దరు మగవాళ్ళు తగవుపడితే దానికి పొలం గట్టో అప్పో కారణమని చెబుతాం, మగజాతి గుణమని చెప్పం.

రంగు సంగతి కూడా చూడు. “నల్లపిల్లను చేసుకున్న గొప్ప మనసు” అని కార్తీక్‌ను మెచ్చుకున్నావు. అతను ఆమె గుణాన్ని చూసి ఇష్టపడ్డాడని కథే చెబుతుంటే, దాన్ని దయగా మార్చింది నువ్వు. దీపగా నటించిన, మలయాళ మాతృకలోనూ అదే పాత్ర వేసిన ప్రేమి విశ్వనాథ్ మేకప్‌తో నల్లబడి నటించిందని అందరికీ తెలుసు. ఆమె “అసలు రంగు” గురించి జరిగినంత చర్చ ఆమె నటన గురించి జరగలేదు, నీ వ్యాసంలోనూ జరగలేదు. కార్తీక్‌గా వేసిన నిరుపమ్ పరిటాల కంటిచూపు గురించీ సంభాషణ పలికే తీరు గురించీ మాత్రం చక్కగా రాశావు. ఆ శ్రద్ధలో సగమైనా ఆమెకు దక్కాలి.

అలాగని, తిరగరాసేటప్పుడు దీపను ఆకాశానికెత్తకు. ఆమె కోపంతో అరిచిన సన్నివేశాలు ఏరి “శక్తిమంతమైన స్త్రీ” అని బిరుదు తగిలించడం కూడా ఆ అలవాటే. మెత్తగా ఉంటే బలహీనురాలు, గట్టిగా ఉంటే బలవంతురాలు అనే కొలత మగపాత్రకు మనం వాడం కదా. కొన్నిచోట్ల ఆమె నిర్ణయాలు కథను సాగదీయడానికి రచయితలు చేయించినవి. అక్కడ తప్పు పట్టు, కానీ పాత్రను కాక రచనను తప్పు పట్టు. ఏ ముఖం మీద ఎపిసోడ్ ఆగిందో, ఎవరి గతం మనకు చూపించారో, ఎవరి గతాన్ని మాటల్లో దాటవేశారో కాగితం మీద రాసుకుంటూ మళ్ళీ చూడు. నేను చెప్పే దానికంటే అదే నీకు ఎక్కువ నేర్పుతుంది.

సౌందర్య గురించి నీ వ్యాసంలో ఉన్నది ఆ సామెత ఒక్కటే. మొదట కోడలి రంగును ఈసడించుకున్న ఆ అత్తే తరువాత కొడుకుకు ఎదురు నిలబడి కోడలి పక్షం వహించింది. దీపకు పుట్టిన కవలల్లో ఒక బిడ్డను కొడుకు ఇంటికి చేర్చి, ఆ నిజాన్ని ఏళ్ళ తరబడి ఒంటరిగా మోసింది. అపరాధ భావమూ, ప్రేమా, పెత్తనమూ కలిసిన ఆ మనిషికి నువ్వు కార్తీక్‌కు ఇచ్చినంత చోటు ఇచ్చి, ఆమె మారడానికి కారణాలు వెతికి, ఆ భాగాన్ని ముందుగా నాకు పంపు. అది చదివాకే మిగతా వ్యాసం సంగతి మాట్లాడుకుందాం.

ఆశీస్సులతో,
మీ టీచరమ్మ