అక్క ఇంట్లో ఫోన్ మార్చే ముందు

అల్లుడూ,

మొన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు బస్సులో ఉన్నా, ఆ రొదలో సగం వినపడలేదు, అందుకే ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. తెనాలిలో మీ అమ్మ, అదే మా అక్క దగ్గరున్న పాత ల్యాండ్‌లైన్ తీసేసి ఫైబర్ పెట్టిస్తా, ఫోన్ కూడా అందులోంచే వస్తుందంట అన్నావు కదా. పెట్టించు, నేను వద్దనను. రాగి తీగకి తడి పడదు, వానాకాలం వస్తే జాయింట్లలో నీళ్ళు దిగి గరగరలాడుద్ది, ఫైబర్ అయితే లోపల నడిచేది వెలుతురు కాబట్టి తడికి ఆ గోల ఉండదు, మాట కూడా గాజులాగా వినపడుద్ది. నువ్వు బెంగళూరు నుంచి వీడియోలో అమ్మని చూసుకోవచ్చు. అవన్నీ నిజమే. కానీ ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ లైన్ల మీద పనిచేసినవాణ్ణి, కొన్ని విషయాలు నీకు ఆ కనెక్షన్ అమ్మడానికొచ్చే కుర్రాడు చెప్పడు, అతనికి తెలిసుండకపోవచ్చు కూడా.

అన్నిటికంటే ముందు కరెంటు సంగతి. పాత ల్యాండ్‌లైన్‌కి మీ ఇంటి కరెంటుతో పనిలేదు, గమనించావా ఎప్పుడైనా? ఇల్లంతా చీకటైనా రిసీవర్ ఎత్తితే డయల్ టోన్ వస్తుంది. ఎందుకంటే ఆ రెండు రాగి తీగల మీదే ఎక్స్ఛేంజ్ నుంచి 48 వోల్టుల డీసీ వస్తుంది. ఎక్స్ఛేంజ్‌లో బ్యాటరీ రూమ్ అని ఒకటి ఉంటుంది, ఒక్కోటి 2 వోల్టుల సెల్స్ 24 వరసగా పేర్చి ఉంటాయి, కరెంటు పోతే అవి మోస్తాయి, అవి తగ్గేలోపు డీజిల్ ఇంజను వేస్తారు. అంటే ఇన్నాళ్ళూ అక్క ఫోన్‌ని బతికించే బాధ్యత ఎక్స్ఛేంజ్ వాళ్ళది. ఫైబర్ వచ్చాక ఆ బాధ్యత మీ ఇంటి ప్లగ్గు మీద పడుతుంది. గాజు తీగలో కరెంటు రాదు, వెలుతురే వస్తుంది, దాన్ని మాటగా మార్చే ఓఎన్‌టీ డబ్బా గోడ ప్లగ్గులోంచి 12 వోల్టుల అడాప్టర్‌తో నడుస్తుంది, కరెంటు పోయిన క్షణమే డబ్బా ఆగుతుంది, ఫోన్ మూగబోతుంది. నా దృష్టిలో నువ్వు మారుస్తున్నది ఫోన్ కాదు, ఆ ఫోన్‌కి కరెంటు ఇచ్చే మనిషిని.

ఇది నేను ఊరికే చెప్పట్లేదు. మా ఇంట్లో ఫైబర్ పెట్టించిన కొత్తల్లో ఒక రాత్రి రెండింటప్పుడు మీ అత్తకి ఆయాసం ఎక్కువైంది, కరెంటు లేదు, నా సెల్ ఛార్జింగ్ అయిపోయి ఉంది, ల్యాండ్‌ఫోన్ ఎత్తితే చప్పుడే లేదు. ఇన్వర్టర్ ఉంది ఇంట్లో, కానీ డబ్బా పెట్టిన ప్లగ్గు ఇన్వర్టర్ లైన్లో లేదు, ఎలక్ట్రీషియన్ ఫ్యాన్లకీ లైట్లకీ మాత్రమే ఇచ్చాడు. చీకట్లో పక్కింటి తలుపు కొట్టి వాళ్ళ సెల్‌తో 108కి చేశా. ఆమెకేం కాలేదు, దేవుడి దయ. కానీ ఆ పది నిమిషాలు నేను మర్చిపోలేను, నా దగ్గరే అది జరిగిందంటే ఒంటరిగా ఉండే అక్క సంగతి ఆలోచించు.

కాబట్టి ఫైబర్ వాడికి డబ్బు కట్టకముందే ఎలక్ట్రీషియన్ని పిలిపించి డబ్బా ఎక్కడ పెడతామో ఆ ప్లగ్గుకి ఇన్వర్టర్ లైను లాగించు. అది కుదరకపోతే 12 వోల్టుల మినీ యూపీఎస్ అని రౌటర్ల కోసమే అమ్ముతారు, చిన్న ఇటుక అంత ఉంటుంది, రెండు మూడు గంటలు లాగుతుంది. కొనేముందు అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు ఎన్ని ఆంపియర్లు రాసుందో ఫొటో తీసుకుని షాపులో చూపించు, వోల్టులు ఎక్కువైతే డబ్బా కాలిపోద్ది.

ఇంకొకటి, ఇది చాలామందికి తట్టదు. మీ ఇంట్లో బ్యాకప్ ఉంటే సరిపోదు, ఫైబర్ అవతలి కొస ఎక్కడుందో అక్కడ కూడా ఉండాలి. అవతల మన ఇళ్ళకి వెలుతురు పంపే ఓఎల్‌టీ అని పెద్ద డబ్బా ఉంటుంది. మధ్యలో వెలుతురు పంచే స్ప్లిట్టర్లకి కరెంటు అక్కర్లేదు, కానీ ఓఎల్‌టీకి కావాలి. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ఉంటే బ్యాటరీలు ఉంటాయి కాబట్టి పర్లేదు. అదే వీధి కేబుల్ ఆపరేటర్ గదిలోనో, ఎవరి డాబా మీదో ఉందనుకో, అక్కడ బ్యాటరీ అరగంటే అయితే నువ్వు ఎంత మంచి యూపీఎస్ కొన్నా వృథా. సిగ్గుపడకుండా అడుగు, మీ ఓఎల్‌టీ ఎక్కడుంది, కరెంటు పోతే ఎంతసేపు నడుస్తుంది అని. నీళ్ళు నమిలాడంటే వేరేవాణ్ణి చూడు. ఇంకా మంచి పద్ధతి, అదే వీధిలో ఆ కనెక్షన్ ఉన్న ఇంటికి అమ్మని ఒకసారి వెళ్ళి అడగమను, కరెంటు పోయినప్పుడు మీ నెట్ ఉంటుందా అని. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు రోజుల తరబడి కరెంటు లేకపోతే సెల్ ఛార్జింగ్ పెట్టుకోడానికి కూడా జనం ఎంత అవస్థ పడ్డారో చూశాం కదా. అంత వరదొస్తే ఏ లైనూ నిలబడదులే, రాగిదైనా సరే. నేను చెప్పేది మామూలు రెండు మూడు గంటల కోత గురించి, వేసవి గాలివాన గురించి.

ఇక నంబరు. ఆ నంబరు బావ ఎన్నేళ్ళు వెయిటింగ్ లిస్టులో ఉండి తెచ్చుకున్నాడో నీకు గుర్తుండదు, నువ్వు అప్పటికి పుట్టలేదు. ఊళ్ళో చుట్టాలందరికీ అదే నోటికొచ్చు, అక్కకి తన సెల్ నంబరు అడిగితే చెప్పలేదు గానీ ఇది నిద్రలో లేపినా చెబుతుంది. సెల్ నంబరు 2011 నుంచి ఏ కంపెనీకి కావాలంటే ఆ కంపెనీకి మార్చుకుంటున్నాం గానీ, మన దేశంలో ల్యాండ్‌లైన్ నంబరుకి ఆ సౌకర్యం లేదు, కంపెనీ మారితే నంబరు పోయినట్టే. బీఎస్ఎన్ఎల్ రాగి లైను నుంచి బీఎస్ఎన్ఎల్ ఫైబర్‌కే మారితే పాత నంబరు ఉంచుకునే వీలుంటుంది, అప్లికేషన్‌లోనే పాత నంబరే కావాలని రాయించు, తర్వాత అడిగితే కష్టం. నన్నడిగితే ఆ ఒక్క కారణానికే నేను అటు వెళ్తా, వేరేవాడు నెలకి వంద తక్కువ అన్నా సరే. నువ్వు వేరే కంపెనీయే అనుకుంటే మాత్రం పాత లైను రెండు నెలలు ఉంచి దానికి కాల్ ఫార్వార్డింగ్ పెట్టించు, ఈలోగా కొత్త నంబరు అందరికీ చెప్పుకోవచ్చు, గ్యాస్ ఏజెన్సీ, ఎల్ఐసీ కాగితాల్లో, మందుల షాపులో, డాక్టరు దగ్గర మార్పించు.

లైను ఇంకా బావ పేరు మీదే ఉందేమో చూడు. ఉంటే ముందు డెత్ సర్టిఫికెట్ పెట్టి అక్క పేరుకి మార్పించు, లేకపోతే పాత లైను సరెండర్ చేసి డిపాజిట్ వెనక్కి అడిగేటప్పుడు తిప్పుతారు. డిపాజిట్ రసీదు బీరువాలో ఆ ఆకుపచ్చ ఫైల్లో ఉండాలి, బావ కాగితం ముక్క కూడా పారేసే మనిషి కాదు. సరెండర్ చేసినట్టు రసీదు తీసుకో, బ్యాంకు నుంచి ఆటోమేటిక్‌గా బిల్లు కట్టే ఏర్పాటు ఉంటే అది కూడా ఆపించు.

కొత్తది వచ్చి బాగా మోగుతుందని నమ్మకం కుదిరేదాకా పాతది పీకించొద్దు. కనీసం రెండు వారాలు రెండూ ఉండనీ (పాత నంబరునే ఫైబర్‌కి మారిస్తే ఇది కుదరకపోవచ్చు, ముందే అడుగు). ఆ రెండు వారాల్లో ఒకసారి కరెంటు పోతుంది ఎలాగూ, అప్పుడు నువ్వు అక్కడి నుంచి ఫోన్ చేసి చూడు. ఏడాదికి ఒకేసారి కడితే తగ్గిస్తామంటారు, మొదట నెలకే కట్టు.

ఇప్పుడు బిగించే రోజు సంగతి. డబ్బా వెనక పెద్ద సాకెట్లు నెట్‌కి, వాటికంటే చిన్నది ఫోన్‌కి, దాని మీద టెల్ అనో ఫోన్ అనో రాసుంటుంది. అక్క పెద్ద అంకెల ఫోన్ అందులోకే పెట్టొచ్చు, కొత్త ఫోన్ కొనక్కర్లేదు. కాకపోతే ఆ పాత వేలితో తిప్పే నల్ల ఫోన్ దాచి ఉంచింది చూడు, అది చాలా డబ్బాల్లో పనిచెయ్యదు, అది అంకెని టకటకమని కొట్టి పంపే పల్స్ ఫోన్, వీటికి బటన్ నొక్కితే కూత పెట్టే టోన్ ఫోన్ కావాలి. బటన్ల ఫోన్‌కి కింద టీ, పీ అని చిన్న స్విచ్చు ఉంటే టీ వైపు ఉంచు. వంటింట్లో పారలల్, అంటే అదే లైన్లో రెండో ఫోన్ ఉంది కదా, అది కూడా మోగాలంటే డబ్బా నుంచి ఒక తీగ గోడ జాక్‌కి కలపాలి, అలా కలిపే ముందు బయట నుంచి వచ్చే పాత లైను గోడ దగ్గరే విప్పి వేరు చెయ్యాలి, ఇది మాత్రం అండర్‌లైన్ చేసుకో. మా ఇంట్లో బిగించడానికొచ్చిన కుర్రాడు పాత లైను విప్పకుండా రెండూ కలిపేశాడు, 48 వోల్టులు ఎదురొచ్చి డబ్బాలో ఫోన్ పోర్టు మొదటి రోజే పోయింది, డబ్బా మార్చడానికి తొమ్మిది రోజులు పట్టింది. రెండు వారాలు రెండు లైన్లూ ఉంచమన్నా కదా, ఆ రోజుల్లో కొత్త ఫోన్ డబ్బా పక్కనే విడిగా ఉండాలి, గోడ జాక్ జోలికి పోవద్దు. పాతది పీకేశాకే పారలల్ కలిపించు. రెండు ఫోన్ల వరకూ పర్లేదు, నాలుగైదు పాతవి తగిలిస్తే గంట సరిగ్గా మోగదు.

కార్డ్‌లెస్ కొనిపెడదామని నీకు అనిపించొచ్చు. కొను, కానీ తీగ ఉన్న ఫోన్ ఒకటి ఉండాల్సిందే. కార్డ్‌లెస్ బేస్‌కి కూడా ప్లగ్గు కావాలి, దానికి వేరే యూపీఎస్ ఎవడు పెడతాడు.

వచ్చిన మనిషి దగ్గర పవర్ మీటర్ ఉంటుంది, వెలుతురు ఎంత వస్తుందో చూపించమను. మీటర్ మీద అంకె (డీబీఎం) మైనస్ 20 అటూ ఇటూ ఉంటే బాగున్నట్టు, మైనస్ 27కి దగ్గరగా ఉంటే ఒప్పుకోవద్దు, ఇవాళ నడిచినా రేపు ఇంకాస్త తగ్గితే నడవదు, జాయింట్ మళ్ళీ కొట్టమను. తీగ ఎక్కడా మడత పడకూడదు, గాజు అది, మిగిలింది చుట్టగా చుట్టి పెట్టినా పళ్ళెం అంత వెడల్పు చుట్ట చెయ్యమను. సున్నాలేసేవాళ్ళు వచ్చినప్పుడు దాన్ని లాగేస్తారు, అక్కకి ముందే చెప్పి ఉంచు.

అక్కకి నేర్పాల్సింది ఎక్కువేం లేదు. డబ్బా మీద ఎల్ఓఎస్ అని ఎర్ర లైటు మినుకుమినుకుమంటే తీగలో వెలుతురు రావట్లేదన్నట్టు, ఎక్కడో తెగో ఊడో ఉంటుంది, డబ్బా ఆపి వేసినా రాదు, ఆపరేటర్‌కి సెల్ నుంచి చెప్పాలి. ఎర్ర లైటు లేకుండా ఫోన్ మూగగా ఉంటే స్విచ్చు ఆపి ముప్ఫై అంకెలు లెక్కపెట్టి వెయ్యాలి, రెండు మూడు నిమిషాలు ఆగాలి. వెనక సూది దూరేంత రంధ్రం ఉంటుంది, దాంట్లో ఎవరూ పుల్ల పెట్టి నొక్కకూడదు, నొక్కితే నంబరు సెట్టింగులన్నీ చెరిగిపోతాయి, మళ్ళీ వాడొచ్చి వేసేదాకా ఫోన్ ఉండదు. మీ పిల్లలు సెలవులకి వచ్చినప్పుడు జాగ్రత్త. ఆపరేటర్ నంబరు, కనెక్షన్ ఐడీ పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి డబ్బాకే అంటించు.

ల్యాండ్‌లైన్ నుంచి సెల్‌కి చెయ్యాలంటే ముందు సున్నా కొట్టడం 2021 జనవరి 15 నుంచి ఉన్నదే, అక్కకి అలవాటే. కొత్తదాంట్లో ఊళ్ళో ల్యాండ్‌లైన్‌కి కూడా 08644 కలపాల్సి రావచ్చు, మొదటిరోజే తన చేత రెండు మూడు నంబర్లు కొట్టించు. నీ నంబరు, నాది, పక్కింటివాళ్ళది స్పీడ్ డయల్‌లో పెట్టించు. పక్కింటి నంబరు నీ సెల్‌లో కూడా ఉండాలి, ఎందుకంటే నువ్వు బెంగళూరులో కూర్చుని 108 కొడితే ఎత్తేది కర్ణాటక వాళ్ళు, తెనాలికి అంబులెన్స్ పంపడం వాళ్ళ చేతిలో లేదు.

కొన్ని కంపెనీలు యాప్ ఇస్తాయి, ఇంటి ఫోన్‌కి వచ్చే కాల్ సెల్‌లో కూడా మోగుతుంది. అది అమ్మ సెల్‌లో వేసి పెట్టు, బాగుంటుంది. మార్పు జరుగుతున్న ఆ నెలలో మాత్రం ఒక భయం ఉంది, మీ ల్యాండ్‌లైన్ రెండు గంటల్లో కట్ అవుతుంది, తొమ్మిది నొక్కండి, ఆధార్ చెప్పండి అని ట్రాయ్ (టెలిఫోన్ కంపెనీలని అదుపు చేసే ప్రభుత్వ సంస్థ) పేరు చెప్పి ఫోన్లు చేస్తారు దొంగలు. నిజంగానే లైను మారుతోంది కాబట్టి అక్క నమ్మేస్తుంది. ట్రాయ్ ఎవరికీ అలా ఫోన్ చెయ్యదు, లైన్లు కట్ చెయ్యడం వాళ్ళ పని కాదు. వెంటనే పెట్టెయ్యమను, డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి చెయ్యాలి. కంపెనీ వాడితోనే ఇబ్బందైతే ముందు కస్టమర్ కేర్‌లో ఫిర్యాదు పెట్టి డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నంబరు తీసుకో, తేలకపోతే ఫిర్యాదుల మీద అప్పీలు వినే వాళ్ళ అప్పిలేట్ అథారిటీకి రాయొచ్చు, డాకెట్ నంబరు లేకపోతే అక్కడ ఏదీ నడవదు.

నేను బుధవారం తెనాలి వెళ్తున్నా, గోడ జాక్ విప్పి లోపల తీగలెలా ఉన్నాయో చూసి ఫొటో పెడతా, ఇన్వర్టర్ లైను అక్కడిదాకా వస్తుందో లేదో కూడా చూస్తా. ఈలోగా ఎవరొచ్చి అడిగినా డబ్బు కట్టొద్దని అమ్మకి ఇవాళ రాత్రే చెప్పు.

మీ మామయ్య