అందని ఆ రెండు ప్లగ్గులు

ప్రశ్న: నా పాత పెట్రోల్ పికప్‌కి ఇరవయ్యేళ్లు దాటాయి. వి8 ఇంజిన్, అంటే ఎనిమిది సిలిండర్లు, ఎనిమిది ప్లగ్గులు. ఆపి ఉంచినప్పుడు వణుకుతుంది, ఎత్తు ఎక్కేటప్పుడు కుంటుతుంది. మొన్న సెలవు రోజున స్పార్క్ ప్లగ్గులు మారుద్దామని కూర్చుని ఆరు మార్చాను. వెనకాల ఫైర్‌వాల్‌కి (ఇంజిన్‌కీ మనం కూర్చునే చోటుకీ మధ్య గోడకి) ఆనుకుని ఉన్న చివరి రెండింటి దగ్గరికి మాత్రం చెయ్యే దూరలేదు. "ఆరు మార్చావుగా, చాల్లే" అంటాడు మా అన్నయ్య. వణుకు కొంచెం తగ్గింది గానీ పోలేదు. ఆ రెండూ వదిలెయ్యొచ్చా, లేక ఇంజిన్ దించాల్సిందేనా? గట్టిగా తిప్పితే విరుగుతాయేమోనని టెన్షన్‌గా కూడా ఉంది.

జవాబు: ఈ ఒక్క విషయంలో మీ అన్నయ్య మాట వినకండి. మీకు అందనివి మీకంటే ముందు ఆ బండి నడిపినవాళ్లకీ అందలేదు, వాళ్ల మెకానిక్కులకీ అందలేదు. అంటే ఆ రెండూ ఇప్పటికి ఎన్నిసార్లు "చాల్లే" అనిపించుకున్నాయో ఎవరికి తెలుసు! అన్నిటికంటే పాతబడ్డవి అవే అయ్యుండొచ్చు. మామూలు నికెల్ ప్లగ్గయితే 30 నుంచి 50 వేల కిలోమీటర్లు, ప్లాటినం లేదా ఇరిడియం అయితే సుమారు లక్ష, కొన్నయితే ఇంకాస్త ఎక్కువ వస్తాయి, అంతే. అరిగేకొద్దీ నిప్పురవ్వ దూకాల్సిన గ్యాప్ పెరుగుతుంది, ఆ గ్యాప్ దాటించడానికి ప్లగ్గుకి కరెంటిచ్చే కాయిల్ ఎక్కువ వోల్టేజి తొయ్యాల్సి వస్తుంది, చివరికి అదీ పోతుంది. పైగా మండని పెట్రోల్ సైలెన్సర్ వైపు వెళ్లి పొగని శుభ్రం చేసే కేటలిటిక్ కన్వర్టర్‌ని కాల్చేస్తుంది. ప్లగ్గుల ఖర్చు దానిముందు ఏ మూలకి!

ఇంజిన్ దించక్కర్లేదు. పైనుంచి చూసి అందదనుకునేది పక్కనుంచి అందుతుంది, చాలామంది ఆగిపోయేది ఇక్కడే. బానెట్ ఎత్తి, బంపర్ మీద బోర్లా పడి, గుడ్డిగా చెయ్యి దూర్చి తిట్టుకునే బదులు ముందు చక్రం విప్పండి. బండిని జాకీ మీద వదలకుండా స్టాండ్ల మీద నిలబెట్టండి, వెనక చక్రాలకి అడ్డం పెట్టండి. చక్రం వెనకాల మడ్‌గార్డ్ లోపలి వైపు బురద అడ్డుకునే రబ్బరు లేదా ప్లాస్టిక్ పలక ఉంటుంది. దాని క్లిప్పులు ఊడదీస్తే చాలా పికప్‌లలో వెనక ప్లగ్గులు ఎదురుగా కనిపిస్తాయి. రెండో వైపు గాలి వెళ్లే పెద్ద గొట్టం తీస్తే ఇంకొంచెం చోటు వస్తుంది. టార్చి నోట్లో పెట్టుకోకుండా తలకి కట్టుకునేది వాడండి, రెండు చేతులూ కావాలి.

సామాను సంగతి. 16 లేదా 21 మిల్లీమీటర్ల ప్లగ్ సాకెట్, లోపల రబ్బరు ఉన్నది. దానికి 3 అంగుళాల ఎక్స్‌టెన్షన్, ఆపైన యూనివర్సల్ జాయింట్ (ఎటైనా వంగే కీలు), దానిపైన 6 అంగుళాలదో 10 అంగుళాలదో ఎక్స్‌టెన్షన్, చివర రాట్చెట్ (తిప్పే పిడి). జాయింటు వేలాడిపోకుండా దాని చుట్టూ కరెంటు టేపు రెండు చుట్లు వెయ్యండి, వంగుతుంది గానీ చచ్చుబడదు. సాకెట్‌కీ ఎక్స్‌టెన్షన్‌కీ మధ్య కూడా ఒక చుట్టు వెయ్యండి. నేనొకసారి ఆ చుట్టు వెయ్యకుండా కొత్త ప్లగ్గు బిగించి లాగాను. ఎక్స్‌టెన్షన్ ఒక్కటే చేతికొచ్చింది, సాకెట్ లోపల ప్లగ్గుని పట్టుకుని అక్కడే ఉండిపోయింది! ప్లగ్గు మార్చడానికి పది నిమిషాలు, సాకెట్ తియ్యడానికి గంట. జాయింటుని ఎంత తక్కువ వంచితే అంత మంచిది, ఎక్కువ వంచి తిప్పితే బలం పక్కకి పడి ప్లగ్గు పింగాణీ చిట్లుతుంది. ఆ చిట్లు కంటికి కనపడదు, ఎత్తు ఎక్కేటప్పుడు మిస్‌ఫైర్ (పెట్రోల్ మండకపోవడం) అయ్యి తెలుస్తుంది.

ఇంజిన్ పూర్తిగా చల్లారాకే మొదలుపెట్టండి. హెడ్ (ప్లగ్గులు బిగించే, సిలిండర్ల పై భాగం) అల్యూమినియం అయితే ఇది మరీ ముఖ్యం, వేడి మీద తీస్తే ప్లగ్గుతోపాటు హెడ్‌లోని మరలు కూడా ఊడి వచ్చే ప్రమాదం ఉంది. బ్యాటరీ నెగటివ్ తీసేయండి. వైరు తీసేటప్పుడు వైరు పట్టుకుని లాగకండి, రబ్బరు టోపీని పట్టుకుని సగం చుట్టు అటూ ఇటూ మెలిపెట్టి లాగండి, పాత రబ్బరు ప్లగ్గుకి అంటుకుపోయి ఉంటుంది. ఒకసారి ఒక్క వైరే తీయండి, అన్నీ ఒకేసారి తీసి ఏది ఎక్కడిదో మర్చిపోయినవాళ్లని చాలామందిని చూశాను. తర్వాత ప్లగ్గు చుట్టూ గాలి కొట్టండి. ఇరవయ్యేళ్ల ఇసుక, తుప్పు, ఎండిన ఆకులు ఆ గుంటలో పేరుకుని ఉంటాయి, లేకపోతే ప్లగ్గు తీయగానే అవన్నీ సిలిండర్‌లోకి జారతాయి.

ఇక తిప్పడం. మీ భయం సబబే, బలం వాడాల్సిన చోటు కాదిది. ఇంపాక్ట్ గన్ (కొట్టి కొట్టి తిప్పే యంత్రం) దగ్గరికి కూడా రానివ్వకండి. పావు చుట్టు వదులు చేసి ఆగండి, మరల మీద తుప్పు విడదీసే నూనె చుక్కలు వేసి ఒక పావుగంట టీ తాగి రండి. మళ్లీ వచ్చి కొంచెం విప్పండి, కొంచెం బిగించండి, మళ్లీ విప్పండి. కిర్రుమని శబ్దం వస్తూ కొద్దికొద్దిగా తేలికవుతుంటే అది దారిలో పడ్డట్టే. ఉన్నట్టుండి గట్టిపడితే అక్కడే ఆగి వెనక్కి తిప్పండి, ముందుకి లాగితే మరలు పోతాయి.

మీ బండి ఏ కంపెనీదో రాయలేదు కాబట్టి ఒక మాట. 2004 నుంచి 2008 దాకా వచ్చిన ఫోర్డ్ ఎఫ్-150ల్లోని 5.4 లీటర్ల ట్రైటన్, సిలిండర్‌కి మూడు వాల్వులు ఉండేది, అయితే ఇంకా నెమ్మదిగా వెళ్లాలి. దాని ప్లగ్గు కింది భాగం పొడుగాటి సన్నని గొట్టంలా ఉంటుంది, విడిగా చేసి అతికించిన ముక్క. దాని చుట్టూ బొగ్గు పట్టి హెడ్‌కి అంటుకుపోతుంది, మీరు పైభాగాన్ని తిప్పితే కిందిది లోపలే విరిగి ఉండిపోతుంది. కంపెనీయే సర్వీసు నోటు ఇచ్చింది: చల్లని ఇంజిన్, ముందుగా ఎనిమిదో వంతు నుంచి పావు చుట్టు మాత్రమే విప్పడం, గుంటలో కార్బ్యురేటర్ క్లీనర్ పోసి కనీసం 15 నిమిషాలు నాననివ్వడం, ఆ తర్వాత అటూ ఇటూ ఆడించడం. అయినా విరిగితే ఆ ముక్కని బయటికి లాగే పరికరం విడిగా ఉంది, కాబట్టి హెడ్ దించాలని ఎవరైనా అనగానే ఒప్పుకోకండి.

కొత్తది పెట్టడంలో ఉన్నదంతా మొదటి మూడు చుట్లలోనే. అందని చోట రాట్చెట్‌తో మొదలుపెడితే మర అడ్డంగా పడినా చేతికి తెలియదు. ఒక అడుగు పొడుగు రబ్బరు గొట్టం, పెట్రోల్ పైపు ముక్క లాంటిది, తీసుకుని ప్లగ్గు పైకొనకి తొడిగి, గుంటలో వదిలి, వేళ్లతో గొట్టాన్ని తిప్పండి. మర సరిగ్గా కలిస్తే ప్లగ్గు మెత్తగా దిగుతూ పోతుంది. అడ్డంపడితే ప్లగ్గు ఆగిపోయి గొట్టం జారి ఉత్తినే తిరుగుతుంది. అదే దీని గొప్ప, ఎంత తిప్పినా మరలు పాడుచేసే బలం దానికి లేదు. అది దిగినంత దూరం దిగాకే సాకెట్ పెట్టండి.

బిగింపుకి టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే రెంచ్) పట్టే చోటుంటే సరే: అల్యూమినియం హెడ్‌లో 14 మిల్లీమీటర్ల మర, వాషర్ ఉన్న ప్లగ్గుకి 25 నుంచి 30 న్యూటన్ మీటర్లు, వాషర్ లేకుండా కింద ఏటవాలుగా ఉండేదానికి 10 నుంచి 20 చాలు. మాన్యువల్‌లో వేరే అంకె ఉంటే అదే పాటించండి. రెంచ్ పట్టకపోతే, వేళ్లతో బిగుసుకున్నాక వాషర్ ఉన్న కొత్త ప్లగ్గుని సగం నుంచి మూడింట రెండు వంతుల చుట్టు, ఏటవాలుదాన్ని పదహారో వంతు చుట్టు మాత్రమే. పదహారో వంతు అంటే గడియారంలో ముల్లు నాలుగు నిమిషాలు కదిలినంత. నమ్మబుద్ధి కాదు గానీ అంతే!

మళ్లీ ఎప్పుడైనా మొత్తం ఎనిమిదీ మార్చాల్సి వస్తే ఒక సులువుది ముందు తీసి ఎంత బిగువుగా ఉన్నాయో చేతికి తెలుసుకోండి, వెంటనే ఆ వెనక రెండింటి మీద పడండి. ఓపిక అయిపోయాక వాటి దగ్గరికి వెళ్తే మళ్లీ "చాల్లే" అనే వస్తుంది.

ప్రశ్న: పాత ప్లగ్గులన్నీ తీసి వరసగా పెట్టి చూశాను. ఏడు గోధుమ రంగులో ఉన్నాయి, ఒకటి మాత్రం కడిగి తుడిచినట్టు తెల్లగా మెరుస్తోంది. ఆ సిలిండర్ అన్నిటికంటే బాగా పనిచేస్తున్నట్టేనా?

జవాబు: అయ్యో, కాదు. ఆ ఏడే ఆరోగ్యంగా ఉన్నాయి. ఒక్కటే అంత శుభ్రంగా ఉందంటే ఆ సిలిండర్‌లోకి కూలెంట్ (ఇంజిన్ని చల్లబరిచే ద్రవం) కారుతూ, ఆవిరై ప్లగ్గుని కడుగుతోందేమో చూడాలి. రేడియేటర్‌లో నీళ్లు కారణం లేకుండా తగ్గుతున్నాయా, పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు తియ్యటి వాసనతో తెల్ల పొగ చాలాసేపు వస్తోందా? వస్తుంటే కూలింగ్ సిస్టమ్‌కి ప్రెషర్ టెస్ట్ చేయించండి, హెడ్ కింద ఉండే గాస్కెట్ మీద అనుమానం పెట్టుకోవాల్సిందే. ఇలా వరసగా పెట్టి చూడటం మాత్రం చాలా మంచి అలవాటు. అట్టపెట్టెకి కన్నాలు చేసి సిలిండర్ నంబరు రాసి గుచ్చితే ఇంకా మంచిది. పొడి మసి ఉంటే పెట్రోల్ ఎక్కువ పడుతోందని, నూనె తడి ఉంటే పిస్టన్ రింగులో, వాల్వ్ సీళ్లో అరిగాయని అర్థం.

ప్రశ్న: మరలకి గ్రీజు రాసి పెడితే వచ్చేసారి సులువుగా వస్తాయంటున్నారు. రాయాలా?

జవాబు: మరలకి పూత ఉన్న కొత్త ప్లగ్గులకి అవసరం లేదు, ఆ పని పూతే చేస్తుంది. మర జారుడుగా ఉంటే మీకు తెలియకుండానే ఎక్కువ బిగించేస్తారు. గ్రీజు రాయాల్సింది వైరు చివరి రబ్బరు టోపీ లోపల, అదీ డైఎలెక్ట్రిక్ (కరెంటు పాకనివ్వని) గ్రీజు, అగ్గిపుల్ల తలంత.