పెరట్లోకి బ్యాడ్జర్లు వస్తున్నాయి... మా బాబుకు టీబీ సోకుతుందా?

ప్రశ్న: మేం ఇంగ్లండ్‌లోని గ్లోస్టర్‌షైర్‌లో ఉంటున్నాం. రాత్రిపూట బ్యాడ్జర్లు (బొరియల్లో ఉండే ఒక రకం అడవి జంతువులు) వచ్చి మా పెరట్లో లాన్ తవ్వేస్తున్నాయి. వాటివల్లే ఆవులకు టీబీ వస్తోందని ఇక్కడివాళ్లు అంటున్నారు. మా బాబుకు ఆరేళ్లు, ఆటలన్నీ ఆ పెరట్లోనే. పక్క ఫామ్ నుంచి పచ్చిపాలు కూడా తెచ్చుకుంటాం. చాలా టెన్షన్‌గా ఉంది. వాటిని ఎలా తరిమేయాలి?
– ఒక పాఠకురాలు

జవాబు: ముందు పాల సంగతి చూద్దామమ్మా. బ్యాడ్జర్లకు, ఆవులకు వచ్చేది మైకోబ్యాక్టీరియం బోవిస్ అనే క్రిమి వల్ల కలిగే టీబీ. అది కాచని పాలతో మన ఒంట్లోకి వెళితే మెడలో గడ్డలు, పేగుల్లో టీబీ రావచ్చు. టీబీ లేదని తేలిన మందల పచ్చిపాలే అక్కడ అమ్మాలి. కానీ ఒక పరీక్షకూ ఇంకో పరీక్షకూ మధ్య ఆవుకు జబ్బు సోకితే? పాలు బాగా పొంగనిచ్చాకే బాబుకు ఇవ్వండి. మన ఇళ్లలో కాచకుండా ఎవరు తాగుతారు చెప్పండి!

బ్యాడ్జర్ల నుంచి నేరుగా మనుషులకు సోకే ప్రమాదం చాలా తక్కువ. వాటిని తరిమే ఆలోచన మాత్రం వద్దు. ఎందుకో చెబుతాను. టీబీతో చనిపోయిన బ్యాడ్జర్ 1971లో మొదట దొరికింది మీ గ్లోస్టర్‌షైర్‌లోనే. అక్కడి వుడ్‌చెస్టర్ పార్క్‌లో 1970ల నుంచీ వీటిని గమనిస్తున్నారు. వేరుశనగల్లో పాకంతో పాటు రంగురంగుల ప్లాస్టిక్ పూసలు కలిపి బొరియల దగ్గర పెడతారు. ఆ పూసలు ఏ మలగుంటల్లో తేలాయో చూసి ఏ గుంపు హద్దు ఎంతవరకో గీస్తారు. మామూలుగా ఒక గుంపు ఇంకో గుంపు హద్దులోకి పెద్దగా వెళ్లదు.

వీటిని చంపితే ఆవుల్లో టీబీ తగ్గుతుందా అని చూడటానికి 1998లో మొదలైన ప్రభుత్వ ప్రయోగంలో దాదాపు 11 వేల బ్యాడ్జర్లను చంపారు. ఆవులకు టీబీ వచ్చిన చోట, ఆ చుట్టుపక్కల మాత్రమే చంపిన ప్రాంతాల్లో జబ్బు తగ్గకపోగా పెరిగింది. 2003లో ఆ పద్ధతి ఆపేశారు. పెద్ద ప్రాంతాల్లో ఏటా చంపినచోట లోపల తగ్గినా, పొలిమేరల్లో పెరిగింది. మిగిలిన జంతువులకు హద్దులు చెదిరిపోయి, ఎక్కడెక్కడికో తిరిగి కొత్త గుంపులతో కలవడమే ఇందుకు కారణమని తేల్చారు. పైగా 1992 చట్టం ప్రకారం వాటి బొరియల జోలికి వెళ్లడం నేరం. వాటి కోసం 2010లో బీసీజీ టీకాకు అనుమతి వచ్చింది. బోనుల్లో వేరుశనగలు పెట్టి పట్టుకుని, సూది వేసి వదిలేస్తారు. నాకైతే ఇదే మంచి దారి అనిపిస్తుంది.

మీరు చేయాల్సింది కొంచెమే. బయట తిండి, పెంపుడు జంతువుల గిన్నెలు ఉంచకండి. ఇసుక పెట్టె ఉంటే మూత వేయండి. మలగుంటలు, చచ్చిన జంతువులు ముట్టుకోవద్దని బాబుకు చెప్పండి. ఆడి వచ్చాక సబ్బుతో చేతులు కడిగించండి.

బాబు హుషారుగా ఉంటే ఇప్పుడు పరీక్షలేవీ అక్కర్లేదు. ఆ ఫామ్‌లో టీబీ బయటపడినా, ఇంట్లో ఎవరికైనా మూడు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, మెడలో గడ్డ కనిపించినా జీపీ (మీ ఫ్యామిలీ డాక్టర్) దగ్గరికి వెళ్లండి. పచ్చిపాలు తాగామని తప్పకుండా చెప్పండి. ఎందుకంటే టీబీకి మామూలుగా ఇచ్చే మందుల్లో ఒకటైన పైరజినమైడ్ ఈ క్రిమి మీద పనిచేయదు.